శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ప్రకటనల డేటాలో ఏ లొకేషన్ కోడ్ వాడాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందుగా చెబుతాను. మీరు విజయనగరంలో ఒక వస్త్ర దుకాణాల సంస్థలో ప్రకటనల లెక్కలు చూస్తున్నారు. విజయనగరం, శ్రీకాకుళం, రాజాం, పలాసల్లో శాఖలున్నాయి. ఆన్‌లైన్ ప్రకటనలు నడిపే ఏజెన్సీని పట్టుబట్టి అడిగితే బిడ్ లాగ్ ఫైలు, అంటే ప్రకటన చోట్ల కోసం జరిగిన వేలంపాటల చిట్టా, ఒకటి పంపించారు. అందులో దేశం గడిలో ఐఎన్‌డీ అనీ, రీజియన్ గడిలో ఏపీ అనీ సరిగ్గానే ఉన్నాయి. సిటీ గడి మాత్రం సగం వరుసల్లో ఖాళీగా ఉంది, మిగతా సగంలో ఎక్కువగా హైదరాబాద్ అని ఉంది. మెట్రో గడి మొత్తం ఖాళీ. నమూనాగా రెండు వరుసలు నాకు అతికించారు. మన రెండు జిల్లాలకు సరైన కోడ్ ఏది, దాన్ని పట్టుకుని ఈ ఫైలును ఎలా వడగట్టాలి, అసలు డబ్బు మన జిల్లాల్లోనే ఖర్చయిందా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్పాలంటే, జిల్లాకు కోడ్ లేదు. ప్రకటనల వేలంలో వాడే ఓపెన్ ఆర్‌టీబీ ప్రమాణంలోని ప్రాంతపు కోడ్‌లు మన దేశం వరకు రాష్ట్రం దగ్గరే ఆగిపోతాయి. మీ పనికి ఆధారపడదగినవి పిన్ కోడ్, అక్షాంశ రేఖాంశాలు మాత్రమే, వాటిని కూడా పక్కనున్న టైప్ గడిలోని అంకెను, అంటే ఆ చోటు ఎలా తెలిసిందో చెప్పే అంకెను, చూసిన తరువాతే నమ్మాలి. మీ ఫైలులో హైదరాబాద్ అని పడిన వరుసల్లో కొన్ని నిజంగా హైదరాబాద్‌వి కావచ్చు, కొన్ని మీ దుకాణం ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నిలబడిన మనిషివి కావచ్చు. ఆ రెండింటినీ విడదీసే సమాచారం సిటీ గడిలో లేదు, కనుక ఆ గడితో వడగట్టకండి.

నేను పన్నెండేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. మొదట హైదరాబాద్‌లో చేశాను, ఇప్పుడు విజయనగరంలో ఇంటి నుంచే చేస్తున్నాను. ఈ కాలంలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం కోడ్ తప్పుగా రాయడం వల్ల జరిగినవి కావు. కోడ్ సరైనదే, అయితే అది ఏ జాబితాలోని కోడో చూడకుండా మరో జాబితాలో వెతికినందువల్ల జరిగినవి. కాబట్టి ముందు ఆ జాబితాల సంగతి కొంత వివరంగా చెబుతాను.

ఓపెన్ ఆర్‌టీబీని నిర్వహించేది ఐఏబీ టెక్ ల్యాబ్, ఆన్‌లైన్ ప్రకటనలకు సాంకేతిక ప్రమాణాలు తయారుచేసే సంస్థ. ఆ ప్రమాణంలో జియో అనే ఒక భాగం, అంటే చోటు వివరాల భాగం, ఉంటుంది. మీ ఫైలులోని గడులన్నీ అక్కడినుంచి వచ్చినవే, కాని ఒక్కో గడి ఒక్కో ఇంటి బిడ్డ. దేశానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వారి 3166 జాబితా మొదటి భాగంలోని మూడక్షరాల కోడ్ వాడాలి, అందుకే ఐఎన్‌డీ. రీజియన్‌కు అదే ఐఎస్ఓ 3166 రెండవ భాగం వాడాలి, అమెరికా అయితే మాత్రం అక్కడి రెండక్షరాల రాష్ట్ర కోడ్ ఇవ్వాలి. సిటీకి ఐక్యరాజ్యసమితి వారి వాణిజ్య రవాణా స్థలాల కోడ్, అంటే యూఎన్ లోకోడ్ వాడాలి. మెట్రోకు గూగుల్ మెట్రో కోడ్ వాడాలి, ఇది అమెరికాలో నీల్సన్ సంస్థ టెలివిజన్ మార్కెట్లను విభజించిన పద్ధతికి దగ్గరగా ఉంటుంది. మీ ఫైలులో మెట్రో గడి ఖాళీగా ఉండటానికి కారణం అదే. అది మన ఊళ్లకు సంబంధించిన గడి కాదు, దాని గురించి ఏజెన్సీతో వాదన పెట్టుకోనక్కరలేదు. ఇవి కాక ఫిప్స్ 10-4 అనే పాత అమెరికన్ ప్రభుత్వ జాబితాకు కూడా ఒక గడి ఉంది. ఆ జాబితాను 2008లోనే ఉపసంహరించారు, అయినా గడి మాత్రం ప్రమాణంలో అలాగే ఉండిపోయింది. ఎవరైనా అందులో విలువ పంపితే దాన్ని చదవకుండా పక్కన పెట్టండి, ఎందుకంటే అందులో సీహెచ్ అంటే చైనా, ఐఎస్ఓలో సీహెచ్ అంటే స్విట్జర్లాండ్.

స్విట్జర్లాండ్ పేరు వచ్చింది కనుక నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మన ప్రాంతపు వ్యాపార సంస్థ ఒకటి తన శాఖల పట్టికలో ఊరి పేరుకు బదులు రైల్వే స్టేషన్ కోడ్‌లు వేసుకుంది. విజయనగరానికి వీజడ్ఎమ్, పలాసకు పీఎస్ఏ, శ్రీకాకుళానికి సీహెచ్ఈ. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు ఆ కోడ్ ఎందుకో మన పెద్దవాళ్లకు తెలుసు, తెల్లదొరలు ఈ ఊరిని చికాకోల్ అనేవారు. ఆ పట్టికను ఎవరో లొకేషన్ అనే శీర్షికతో ఒక ప్రకటనల పనిముట్టులోకి ఎక్కించారు. ఆ పనిముట్టు మూడక్షరాలు కనిపించగానే దేశపు కోడ్ అనుకుంది. వీజడ్ఎమ్ అనే దేశం లేదు, పీఎస్ఏ అనే దేశమూ లేదు, కనుక ఆ రెండూ తప్పు అని వెనక్కి వచ్చాయి. సీహెచ్ఈ మాత్రం వెనక్కి రాలేదు, ఎందుకంటే ఐఎస్ఓ మూడక్షరాల జాబితాలో అది స్విట్జర్లాండ్. శ్రీకాకుళం శాఖ వారి ఆషాఢం తగ్గింపు ప్రకటన రెండు రోజుల పాటు ఆల్ప్స్ పర్వతాల కింద నడిచింది. వెనక్కి వచ్చిన తప్పును ఆ పూటే దిద్దుకున్నారు, చెల్లుబాటైన తప్పును డబ్బు ఖర్చయ్యాకే గుర్తించారు.

ఇక రీజియన్ గడి. ఐఎస్ఓ జాబితాలో ఆంధ్రప్రదేశ్ పూర్తి కోడ్ ఐఎన్ గీత ఏపీ. ప్రకటనల వేలం నడిపే ఎక్స్ఛేంజ్‌లవాళ్లు కొందరు పూర్తిగా పంపుతారు, కొందరు ఏపీ అని మాత్రమే పంపుతారు. ఒకే ఫైలులో రెండు రూపాలూ కలిసి వస్తే మీ పట్టికలో మన రాష్ట్రం రెండు వరుసలుగా కనిపిస్తుంది, కాబట్టి ముందుగా ఏదో ఒక రూపంలోకి మార్చుకోండి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది: దేశం గడిని తీసేసి రీజియన్ గడిని ఒంటరిగా ఎప్పుడూ చదవకండి. జీఏ అంటే మనకు గోవా, అమెరికాలో జార్జియా. సీటీ అంటే నిన్నమొన్నటి వరకు ఛత్తీస్‌గఢ్, అమెరికాలో కనెక్టికట్. ఓఆర్ అంటే మన పొరుగున ఉన్న ఒడిశా, అమెరికాలో ఓరెగన్. ఇచ్ఛాపురం వద్దో, పర్లాకిమిడిని ఆనుకుని ఉన్న పాతపట్నం వద్దో ఫోన్లు సరిహద్దు అవతలి ఊరి లెక్కలోకి వెళ్లడం మామూలే గనుక ఇలాంటి ఫైళ్లలో ఒడిశా వరుసలు కూడా వస్తుంటాయి. ఒక నివేదికలో వాటికి ఓరెగన్ అని పేరు పడి, మన పక్కనే ఉన్నవాళ్లు పసిఫిక్ తీరానికి చేరడం నేను కళ్లారా చూశాను.

ఆ ఒడిశా కోడ్ కూడా స్థిరంగా లేదు. 2023 నవంబరులో ఐఎస్ఓ వారు మన దేశంలో నాలుగు రాష్ట్రాల కోడ్‌లు మార్చారు. ఒడిశా ఓఆర్ నుంచి ఓడీ అయింది, ఛత్తీస్‌గఢ్ సీటీ నుంచి సీజీ అయింది, ఉత్తరాఖండ్ యూటీ నుంచి యూకే అయింది, తెలంగాణ టీజీ నుంచి టీఎస్ అయింది. తమాషా ఏమిటంటే, ఆ తరువాత కొన్ని నెలలకే, 2024 మార్చిలో, తెలంగాణ ప్రభుత్వం వాహనాల నంబరు పలకలపై టీఎస్‌ను టీజీగా మార్చింది. ఒకరు అటు నుంచి ఇటు వస్తూంటే మరొకరు ఇటు నుంచి అటు వెళ్లినట్టయింది. ఫలితంగా ఇప్పటికీ కొన్ని వనరులు పాత కోడ్, కొన్ని కొత్త కోడ్ పంపుతాయి. మీ అనువాద పట్టికలో పాతదీ కొత్తదీ రెండూ ఉంచి, రెండింటినీ ఒకే రాష్ట్రానికి కలపండి. పాతదాన్ని చెరిపేస్తే నిరుటి లెక్కలు చెడతాయి.

సిటీ గడి గురించి మొదట్లో కటువుగానే చెప్పాను, కారణం చెబుతాను. యూఎన్ లోకోడ్ సరకు రవాణా కోసం చేసిన జాబితా. ఓడరేవు, రైలు గూడ్స్ స్థలం, విమానాశ్రయం, సరిహద్దు దాటే చోటు వంటివి అందులో ముఖ్యం, దేశానికి రెండక్షరాలు, చోటుకు మూడు గుర్తులు. విశాఖపట్నానికి ఐఎన్ వీటీజడ్ అని ఉంటుంది. ఒక చీర కొనేందుకు వచ్చే మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో తెలుసుకోవడానికి ఆ జాబితాను ఎంచుకోవడం నా దృష్టిలో మొదటినుంచీ పొరపాటే. ప్రమాణం అలా చెప్పినా, ఆచరణలో చాలామంది ఆ గడిలో ఊరి పేరునే పంపుతారు. పేరు వచ్చిందంటే మన ఊళ్లకు కొత్త చిక్కు మొదలవుతుంది.

విజయనగరం పేరునే తీసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో దీన్ని కనీసం నాలుగు రకాలుగా రాస్తారు. కర్ణాటకలో హొసపేటె కేంద్రంగా విజయనగర జిల్లా ఉంది, బెంగళూరులో విజయనగర్ ఉంది, హైదరాబాద్‌లో విజయనగర్ కాలనీ ఉంది. పేర్లను దగ్గర పోలికతో జతచేసే ప్రోగ్రామ్ ఏదైనా వీటిలో దేనికైనా అంటించగలదు. శ్రీకాకుళం అయితే అక్షరం పొల్లుపోకుండా ఇంకొకటి ఉంది. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు ఆలయం ఉన్న ఊరు పేరూ శ్రీకాకుళమే. గూగుల్ వారి ప్రకటనల వ్యవస్థలోనో, ఫేస్‌బుక్ నడిపే మెటా వారి వ్యవస్థలోనో ఊరిని ఎంచుకునేటప్పుడు పేరు చూసి నొక్కేయకుండా కింద కనిపించే జిల్లా, రాష్ట్రం చదవమని కొత్తగా చేరినవాళ్లకు నేను మొదటి రోజే చెబుతాను.

ఆ రెండు వ్యవస్థలకూ ఓపెన్ ఆర్‌టీబీతో సంబంధం లేని సొంత అంకెలు ఉన్నాయన్నది కూడా గుర్తుంచుకోండి. మన దేశాన్నే చూడండి. ఐఎస్ఓ మూడక్షరాల్లో ఐఎన్‌డీ, రెండక్షరాల్లో ఐఎన్, అంకెల్లో 356. గూగుల్ యాడ్స్‌లో 2356, అంటే ఐఎస్ఓ అంకెకు 2000 కలిపారు. జియోనేమ్స్ అనే బహిరంగ జాబితాలో 1269750, ఇంటర్నెట్ చిరునామా (ఐపీ) ఏ ఊరిదో ఊహించే మ్యాక్స్‌మైండ్ సంస్థ పట్టికలు ఈ అంకెను వాడతాయి. మెటా వారు దేశానికి ఐఎస్ఓ రెండక్షరాలే వాడినా రాష్ట్రానికీ ఊరికీ సొంత సంఖ్యలు ఇచ్చుకున్నారు. గూగుల్ తన అంకెల జాబితాను ఫైలుగా అందరికీ ఇస్తుంది, అందులో ఒక్కో అంకెకు పూర్తి పేరు, దాని పై స్థాయి అంకె, అది ఊరా జిల్లానా పిన్ కోడా అన్న రకం, ఇప్పటికీ చెల్లుతోందా లేదా అన్న స్థితి ఉంటాయి. ఆ స్థితి గడిని చూడకుండా పాత జాబితాతో పని చేయకండి.

ఇప్పుడు మీ అసలు బాధ, హైదరాబాద్. మీరు అతికించిన రెండు వరుసలనే చూద్దాం. మొదటి వరుసలో ఐఎన్‌డీ, ఏపీ, హైదరాబాద్, పిన్ ఖాళీ, అక్షాంశం 17.385, రేఖాంశం 78.487, టైప్ 2 అని ఉన్నాయి. 2014 జూన్ 2 తరువాత ఏపీ, హైదరాబాద్ ఒకే వరుసలో ఉండటమే వింత కదా. ఫోన్ ఇంటర్నెట్ చిరునామా, అంటే ఐపీ, ఏ ఊరిదో ఊహించే పట్టిక నుంచి ఈ వరుస వచ్చింది. టైప్ 2 అంటే అదే. టైప్ 1 అంటే ఫోన్‌లోని జీపీఎస్ వంటి లొకేషన్ సేవ చెప్పినది, టైప్ 3 అంటే ఖాతా తెరిచేటప్పుడు మనిషి స్వయంగా రాసినది. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే నేటికీ రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసినదే. మొబైల్ కంపెనీలు వేలమంది ఫోన్లను కొద్దిపాటి ఐపీ చిరునామాల వెనుక పెట్టి, పెద్ద నగరంలోని తమ కేంద్రం గుండా ఇంటర్నెట్‌లోకి పంపుతాయి. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నిలబడి చూసిన ప్రకటన హైదరాబాద్ నుంచి చూసినట్టు కనబడటంలో మోసమేమీ లేదు. చెన్నై పేరు వచ్చినా అంతే.

ఆ 17.385, 78.487 అన్న జంట మీ ఫైలులో ఎన్నిసార్లు వచ్చిందో ఒకసారి లెక్కపెట్టించండి. వేలసార్లు, దశాంశం కూడా మారకుండా వచ్చి ఉంటే, అది ఎవరూ నిలబడిన చోటు కాదు, నగరం నడిబొడ్డున పట్టిక వేసిన మేకు. ఊరు తెలియకపోతే రాష్ట్రం మధ్యలో, రాష్ట్రమూ తెలియకపోతే దేశం మధ్యలో మేకు వేసే అలవాటు ఐపీ పట్టికలకు ఉంది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక పల్లెటూరి పొలానికి ఈ కారణంగా ఏళ్ల తరబడి పోలీసులూ వసూలుదార్లూ వచ్చిపడ్డారని 2016లో వార్తలు వచ్చాయి. ఎక్కడివో తెలియని కోట్ల ఐపీ చిరునామాలకు మ్యాక్స్‌మైండ్ పట్టిక దేశపు మధ్యబిందువుగా చూపిన చోటు ఆ పొలంలో పడింది. విషయం బయటపడ్డాక ఆ బిందువును నీళ్లలోకి జరిపారు. కాబట్టి టైప్ 2 వరుసలను రాష్ట్రం స్థాయి వరకే వాడండి, అది కూడా తెలుగు రాష్ట్రాలు రెండింటినీ కలిపి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి వచ్చినవి కొంత మెరుగ్గా ఉంటాయి, మొబైల్ డేటావి కావు.

మీరు ఇచ్చిన రెండో వరుస వేరు. అక్షాంశం 18.2969, రేఖాంశం 83.8968, టైప్ 1, అక్యురసీ 20, లాస్ట్‌ఫిక్స్ 45. ఈ మనిషి శ్రీకాకుళం పట్టణంలోనే ఉన్నాడు. లొకేషన్‌ను ఫోన్ 45 సెకన్ల క్రితం తీసుకుంది, 20 మీటర్ల అటూఇటూగా సరైనదని తనే చెబుతోంది. ఇలాంటి వరుసలు మీ ఫైలులో తక్కువే ఉంటాయి, అయినా జిల్లా లెక్కకు ఇవే బంగారం. అక్యురసీ గడిలో ఒక మెలిక ఉంది. ప్రమాణం ప్రకారం అది మీటర్లలో ఉండాలి, మ్యాక్స్‌మైండ్ పట్టిక ఇచ్చే వ్యాసార్థం కిలోమీటర్లలో ఉంటుంది. ఆ అంకెను ఎవరైనా తెలియక అలాగే ఈ గడిలో పోస్తే 50 కిలోమీటర్ల అనుమానం 50 మీటర్ల నమ్మకంగా మారిపోతుంది. విజయనగరం నుంచి శ్రీకాకుళానికి గాలిలో కొలిస్తే 55 కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఆ ఒక్క పొరపాటుతో పక్క జిల్లా మీ దుకాణం మెట్లపైకి వచ్చేస్తుంది. టైప్ 2 పక్కన చిన్న అక్యురసీ అంకె కనిపిస్తే నేను నమ్మను.

అక్షాంశ రేఖాంశాలు తారుమారు కావడం మరొక పాత రోగం. అక్షాంశం 90 దాటితే తప్పు అని కంప్యూటరు పట్టేస్తుందని మనం ధైర్యంగా ఉంటాం. మన రేఖాంశం 83 గనుక, తారుమారైనా 90 లోపే ఉండి తనిఖీ దాటిపోతుంది. 83.9 అక్షాంశం, 18.3 రేఖాంశం ఎక్కడో తెలుసా? నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఉత్తర ధ్రువ సముద్రం. గువాహటి రేఖాంశం 91 దాటుతుంది గనుక అక్కడివాళ్లకు ఈ తప్పు వెంటనే తెలుస్తుంది, మనకు తెలియదు. మన రెండు జిల్లాలకు సరిపడా ఒక చట్రం, అక్షాంశం 17.5 నుంచి 19.5 వరకు, రేఖాంశం 82.5 నుంచి 85 వరకు, పెట్టుకుని దాని బయట పడినవాటిని కంటితో చూడండి. టైమ్ తేడా గడి కూడా చిన్న సాక్షి. అది నిమిషాల్లో ఉండాలి, మనకు 330. అక్కడ 5.5 అని కనిపిస్తే ఆ వనరువాళ్లు ప్రమాణం చదవలేదని అర్థం, వారి మిగతా గడులను కూడా అనుమానించండి.

పిన్ కోడ్ విషయానికి వస్తే, 1972 ఆగస్టు 15న ఇది మొదలైనప్పుడు ఉత్తరాల బట్వాడా కోసం మొదలైంది, రెవెన్యూ జిల్లాల కోసం కాదు. మొదటి మూడంకెలు ఉత్తరాలను వేరుచేసే తపాలా జిల్లాను చెబుతాయి. 532 శ్రీకాకుళం వైపు, 535 విజయనగరం వైపు. చాలామంది ఈ మూడంకెలతోనే జిల్లాను తేల్చేస్తారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యేవరకు అది దాదాపుగా చెల్లింది. ఆ రోజు నుంచి మీ రాజాం శాఖ విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పిన్ మాత్రం ఇప్పటికీ 532127. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది, దాని పిన్ కూడా 532తోనే మొదలవుతుంది. పార్వతీపురానిది 535. అంటే ఒక్క మన్యం జిల్లాలోనే రెండు రకాల పిన్‌లు ఉన్నాయి. నా దగ్గరికి వచ్చిన ఒక నగల దుకాణం నివేదికలో రాజాం అమ్మకాలు విజయనగరం కింద, రాజాం ప్రకటనల ఖర్చు శ్రీకాకుళం కింద పడి, విజయనగరం శాఖ మేనేజరు అద్భుతాలు చేస్తున్నట్టు, శ్రీకాకుళం ఆయన డబ్బు తగలేస్తున్నట్టు కనిపించింది. ఆయన మీద అప్పటికే పెద్ద మీటింగు కూడా జరిగిపోయింది. మీరు మొదటి మూడంకెలతో ఆగకుండా ఆరంకెలకూ ఒక పట్టిక చేసుకోండి, దానిలో జిల్లా పక్కన ఏ తేదీ నుంచి అన్న గడి కూడా పెట్టండి. తపాలా శాఖ పద్ధతిలో మూడంకెల తరువాత ఖాళీ వదిలి రాసేవారూ ఉంటారు గనుక, జతచేసే ముందు ఆ ఖాళీ తీసేయండి.

ఇక్కడే మరొక గొయ్యి ఉంది, నేనే పడ్డాను కనుక చెబుతున్నాను. జిల్లా కోడ్ లేదు అని నేను అన్నది ప్రకటనల ప్రమాణాల గురించి. జనాభా లెక్కల వారికి జిల్లా కోడ్‌లు ఉన్నాయి. 2011 లెక్కల్లో శ్రీకాకుళం 542, విజయనగరం 543. నేను కొత్తలో పిన్ మొదటి మూడంకెలను తీసి, జిల్లా పేర్ల కోసం జనాభా లెక్కల పట్టికతో జతచేశాను. మూడంకెలకు మూడంకెలు చక్కగా సరిపోయాయి, ఒక్క వరుస కూడా మిగలలేదు. ఆ పట్టికలో 532 ఆదిలాబాద్, 535 మెదక్. పలాసలో జీడిపప్పు వ్యాపారికి నేను పంపిన నివేదికలో ఆయన ప్రకటన ఆదిలాబాద్‌లో విరగబడి ఆడింది. ఆయన ఫోన్ చేసి, కోప్పడకుండా, "మనకు అక్కడ ఎవరున్నారు బాబూ?" అని అడిగారు. అప్పటినుంచి నా ఫైళ్లలో ఏ కోడ్ గడికైనా శీర్షికలోనే జాబితా పేరు, ఏ సంవత్సరపు జాబితానో రాస్తాను. జిల్లా కోడ్ అని రాయను, జనాభా లెక్కలు 2011 జిల్లా అని రాస్తాను. రాష్ట్రం కోడ్‌ల పరిస్థితీ ఇదే, ఆ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ 28, జీఎస్టీ నంబరు మొదట్లో 37. మీ బిల్లింగ్ విభాగం పట్టికతో ప్రకటనల పట్టికను కలిపే రోజు ఇది గుర్తుపెట్టుకోండి.

డబ్బు మన జిల్లాల్లోనే ఖర్చయిందా అన్న ప్రశ్నకు కోడ్‌తో సంబంధం లేని ఒక పార్శ్వం ఉంది. ప్రమాణంలో జియో భాగం రెండు చోట్ల ఉంటుంది. పరికరం కింద ఉన్నది ఫోన్ ఇప్పుడు ఎక్కడుందో చెబుతుంది, వాడుకరి కింద ఉన్నది ఆ మనిషి స్వస్థలం ఏదో చెప్పాలి. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లినవారి విషయంలో ఈ రెండింటి మధ్య దేశమంత దూరం ఉండవచ్చు. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళ్లిన మత్స్యకారుడి ఫోన్ గుజరాత్‌లో ఉంటుంది, అతడు పంపిన డబ్బుతో చీర కొనేది ఇక్కడి ఇల్లాలు. విజయనగరంలో పైడితల్లి సిరిమాను నాడు ఫోన్లు కుప్పలుగా కనిపిస్తాయి, వాటిలో ఎన్నో ఆ రాత్రికే ఊరు దాటిపోతాయి. వాడుకరి కింద ఉండే జియో భాగాన్ని నింపి పంపేవారు అరుదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. బదులుగా ఒక్క రోజు లెక్కతో కాకుండా, పండుగ వారాలను వేరుగా తీసి చూడండి. గూగుల్ యాడ్స్‌లో అయితే ఒక ఊరిని ఎంచుకున్నప్పుడు అక్కడ ఉన్నవారితో పాటు ఆ ఊరిపై ఆసక్తి చూపినవారికి కూడా చూపించడం డిఫాల్టుగా ఉంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని శ్రీకాకుళం అని వెతికినవారు అలా వస్తారు. సంక్రాంతికి ముందు రెండు వారాలు నేను దాన్ని కావాలనే అలా వదిలేస్తాను, ఎందుకంటే వాళ్లు బస్సెక్కి వచ్చి కొనేది మన దగ్గరే. మిగతా రోజుల్లో ఉన్నవారికి మాత్రమే అన్న ఎంపికకు మారుస్తాను.

టైప్ 1 వరుసలను ఇంటి గడప వరకు పట్టుకుని దాచుకోవాలన్న ఆశ పుడుతుంది. వద్దు. నాలుగు దశాంశాలంటే సుమారు 11 మీటర్లు, రెండు దశాంశాలంటే సుమారు కిలోమీటరు. ఏ శాఖకు దగ్గరో తేల్చడానికి మీకు కిలోమీటరు చాలు. యూరప్‌లో అనుమతుల కోసం వాడే ఐఏబీ పద్ధతి 500 మీటర్ల లోపు కచ్చితత్వాన్ని ప్రత్యేక అనుమతి కావలసిన సమాచారంగా చూస్తుంది. మన దేశంలోనూ 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది. ఫైలు చేతికి రాగానే రెండు దశాంశాలకు కుదించి, అసలును తీసేయడం నా అలవాటు. తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన డిజిపిన్, సుమారు నాలుగు మీటర్ల గడికి పదక్షరాల గుర్తు, చూసి కొందరు దీన్నే ప్రకటనలకు వాడవచ్చు కదా అంటున్నారు. ఓపెన్ ఆర్‌టీబీలో దానికి గడి లేదు, పైగా మీ అవసరానికి అది మరీ సన్నం.

మీ ఫైలుతో చేయవలసింది ఇంతే. టైప్ గడితో వరుసలను మూడు కుప్పలు చేయండి. టైప్ 1 కుప్పను అక్షాంశ రేఖాంశాలతో ప్రస్తుత జిల్లా సరిహద్దుల మీద వేయండి. టైప్ 3 కుప్పను ఆరంకెల పిన్‌తో జిల్లాకు చేర్చండి. టైప్ 2 కుప్పను జిల్లాలకు పంచకండి, మొదటి రెండు కుప్పల నిష్పత్తిలో పంచమని ఎవరైనా సలహా ఇచ్చినా ఒప్పుకోకండి, జీపీఎస్ అనుమతి ఇచ్చేవారు, ఇవ్వనివారు ఒకే తీరు మనుషులు కారు. దాన్ని జిల్లా తెలియనిది అన్న పేరుతోనే మీ యజమానికి చూపించండి. ఆ కుప్పే పెద్దదిగా ఉంటుంది, ఆయన ముఖం చిట్లిస్తారు. ఏజెన్సీవారిని మాత్రం రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: టైప్ 2 వరుసలకు ఏ ఐపీ పట్టికను వాడారు, దాన్ని ఎప్పుడెప్పుడు కొత్తదానితో మారుస్తారు. మొదటిదానికి ప్రమాణంలోనే ఐపీసర్వీస్ అనే గడి ఉంది. మీరు చెప్పిన కాలమ్‌లలో అది లేదు, అంటే ఎవరో మధ్యలో తీసేసి ఉండవచ్చు, లేదా మొదటినుంచీ పంపకపోయి ఉండవచ్చు. వచ్చే నెల ఫైలులో దాన్ని ఉంచమనండి.